కాడు కనబడే ఇల్లు

బెంగళూరు,
18 నవంబరు 2024,
కార్తీక సోమవారం.

నా ఇంటి దీపం, నూరేళ్ళు పచ్చగా ఉండవలసిన నా బిడ్డ అంబికకు,

నీ నాయన ఓబులేసు రెండు చేతులూ నీ తల మీద ఉంచినట్టే అనుకొని రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేను బాగున్నాను. మీ అమ్మ బాగుంది, ఆమె ఆయాసం కూడా నెమ్మదించింది. హొసకోటెలో నువ్వూ, అల్లుడు వినయ్, మీ అత్తగారు గౌరమ్మ గారూ కుశలమేనని నమ్ముతున్నాను. నమ్మడం తప్ప నాకు వేరే దారి ఏముంది తల్లీ, నువ్వు ఫోను ఎత్తవు కదా. అల్లుడికి చేస్తే, బాగుండాది మామా, నిద్రపోతాండాది మామా అంటాడు. పొద్దున చేసినా నిద్రే, సాయంత్రం చేసినా నిద్రే. నా బిడ్డ అంత నిద్రపోయేది కాదే అని మీ అమ్మ ఫోను చేతిలో పట్టుకొని అలాగే కూర్చుంటుంది.

నాకు కోపం లేదమ్మా. పురిటికని పుట్టింటికి వచ్చినదానివి, ఒట్టి చేతులతో కారెక్కుతూ నువ్వన్న మాట నాకు ఇప్పటికీ చెవిలోనే ఉంది. నా బిడ్డను యాడ పెట్టినారో చూపించేదాకా నీ గడప తొక్కను నాయనా అన్నావు. నేను తల దించుకున్నాను. నువ్వు అద్దం పైకెక్కించేశావు. అది మొన్నటి ఎండాకాలం. ఇప్పుడు చలి మొదలయింది.

ఆ మాట అలా ఉండనీ. ఈ రోజు సంతోషం సంగతి రాయాలని కూర్చున్నాను. తల్లీ, ఇల్లు దొరికింది! మనకు ఇల్లు దొరికింది! కిటికీ తెరిస్తే కొండ! కొండంటే కొండే, బొమ్మ కాదు. బండలు, చెట్లు, పొద్దున పూట మంచు, నెమళ్ళ అరుపులు. ఏడో తరగతితో చదువు ఆపినవాణ్ణి, ఆ అందం రాయడానికి నా దగ్గర మాటలు లేవు. నేను రాయలేనిది నువ్వు వచ్చి చూసుకో.

కాటన్‌పేట వఠారంలో మన కిటికీ నీకు తెలుసు కదా. తెరిస్తే పక్కింటి గోడ, గోడ మీద నీళ్ళ పైపు. చిన్నప్పుడు నువ్వు కిటికీలోంచి చెయ్యి చాపి ఆ గోడ మీద సుద్దముక్కతో సూర్యుణ్ణి గీశావు. వానకు పోతే మళ్ళీ గీసేదానివి. ఆ గోడను చూస్తూనే నేను ముసలివాణ్ణి అయ్యాను. దూది ఏకీ ఏకీ, పరుపులు కుట్టీ కుట్టీ ఆ నలక మీ అమ్మ గుండెల్లో కూర్చుంది. డాక్టరమ్మ చెప్పనే చెప్పింది, గాలి మారాలని. ఇప్పుడు అంగడికి రోజూ పోవలసిన పని కూడా లేదు. స్పాంజి పరుపులు వచ్చాక దూది పరుపు అడిగేవాళ్ళు తక్కువ. అడిగినవాళ్ళ పని సావుకారు ఇంటికే పంపుతాడు. కాబట్టి ఎక్కడున్నా ఒకటే అని ఇల్లు వెతకడం మొదలుపెట్టాను.

ఆ వెతకడం గురించి చెబితే నువ్వు నవ్వుతావు. నవ్వు తల్లీ. కిరణ్ అని ఒక బ్రోకరు దొరికాడు. తెల్లచొక్కా, నల్ల కళ్ళద్దాలు. హిల్ వ్యూ ఉండాది అంకుల్, సూపరుంటాది అంకుల్ అని ఉత్తరహళ్ళి వైపు ఒక ఇంటికి తీసుకుపోయాడు. హాల్లో కొండ లేదు, గదిలో కొండ లేదు. ఏదప్పా కొండ అంటే బాత్రూములో స్టూలు వేసి ఎక్కమన్నాడు. ఎక్కి వెంటిలేటరులోంచి తొంగి చూస్తే కొండ కొస కొంచెం కనిపించింది. మీ అమ్మ వాకిట్లో నిలబడి, ఏమప్పా, స్నానం చేసేటోళ్ళకేనా కొండ, బట్టలు కట్టుకున్నోళ్ళకు వద్దా అని అడిగింది. ఆ అబ్బాయి కళ్ళద్దాలు తీసేశాడు.

తర్వాత లేక్ వ్యూ చూపిస్తానన్నాడు. పోయి చూస్తే కిటికీ కింద పక్కింటివాళ్ళ మిద్దె. ఏదీ చెరువు అంటే, వాన పడితే మిద్దె మీద నీళ్ళు నిలుస్తాయి అంకుల్, అప్పుడు లేకే కదా అన్నాడు. మీ అమ్మ వాడికి కోపంగా ఏమీ అనలేదు. నీకు పెళ్ళయిందా నాయనా అని అడిగి, కాలేదంటే, అదే అనుకున్నా అంది. మూడో ఇల్లు మాత్రం నిజంగా బాగుంది. పదకొండో అంతస్తు, గాజు గోడ, ఎదురుగా కొండ మొత్తం. కానీ ఆ బాడుగ కట్టాలంటే ఇక కొండనే వండుకొని తినాలి. ఇంత ఎత్తు నుంచి చూస్తే మనుషులు చీమల మాదిరి ఉండారు, నాకొద్దు అని మీ అమ్మ లిఫ్టులో కళ్ళు మూసుకొని దిగింది.

ఇక లాభం లేదనుకున్నప్పుడు రామాంజినప్ప వచ్చాడు. నాతో పాటు అంగట్లో దూది ఏకినవాడు, నువ్వు మామా అని పిలిచే రామాంజినప్పే. వాళ్ళది ఆ కొండ కిందనే ఉన్న పల్లె. ఇప్పుడు పల్లె కాదులే, బెంగళూరు వచ్చి దాన్ని మింగేసింది. ఆయన వచ్చి, ఓబులేసప్పా, మా ఊర్లో ఒక చిన్న అపార్ట్‌మెంటు ఉండాది, మూడో అంతస్తు ఖాళీ, ఎంతకాలమైనా ఎవరూ నిలవడంల్యా, బోర్డు చదివి తెలుగోళ్ళు పరుగెత్తుతాండారు, ఓనరమ్మకేమో ఎందుకో అర్థం కాలా, నువ్వొచ్చి చూడు అన్నాడు.

పోయి చూశాను. ఆ బోర్డు చూసి నేను రోడ్డు మీదనే నవ్వాను అంబికా! ఆ ఓనరమ్మ పేరు నాగలక్ష్మి, కన్నడ ఆమె. ఆ చుట్టుపక్కల ఆఫీసుల్లో పనిచేసే తెలుగు పిల్లలు ఎక్కువని తెలుగులో కూడా బోర్డు రాయించింది. రాసిన పెయింటరుకు తెలుగు అక్షరాలు వచ్చు, తెలుగు రాదు. వేరే బోర్డులు చూసి రాస్తూ, తెలియని చోట కన్నడ మాటల్నే తెలుగు అక్షరాల్లో దించేశాడు. బెట్ట, కాడు వ్యూ ఇల్లు బాడుగకు ఇవ్వబడును అని. కన్నడంలో బెట్ట అంటే కొండ, కాడు అంటే అడవి. పాపం, కొండా అడవీ కనబడే ఇల్లు అని ఆమె గొప్పగా రాయించుకుంది. మనవాళ్ళకు కాడు అంటే ఏమిటి? శవాలు పోయే చోటు! కర్నూలు నుంచి కొత్తగా పెళ్ళయిన జంట వచ్చారట. ఆ అమ్మాయి బోర్డు పైకి చదివి, మొగుడి చొక్కా పట్టుకొని బండి దగ్గరకు ఈడ్చుకుపోయిందట. శ్మశానం చూడనీకి బాడుగ కట్టాల్నా అని అరిచిందట.

నాగలక్ష్మమ్మ నన్ను చూసి, యాకప్పా, ఎందుకప్పా మీ తెలుగువాళ్ళకు అడవంటే అంత భయం, పులులేమీ లేవు, నెమళ్ళు తప్ప అని అడిగింది. నేను విడమరచి చెప్పాను. మొదట నోరు తెరుచుకొని చూసింది. తర్వాత మెట్ల మీద కూర్చొని, కొంగు నోట్లో పెట్టుకొని నవ్వింది. రామాంజినప్పా నవ్వాడు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకొని, ఉన్నట్టుండి ఆమె గొంతు తగ్గించింది. మంచి మనిషి తల్లీ, దాచలేదు. మీరు చెప్పే కాడు కూడా ఉందప్పా, వెనక గది కిటికీలోంచి కనిపిస్తుంది, ఈ ఊరివాళ్ళది, చెట్ల మధ్యన ఉంది, గొడవేమీ ఉండదు, రేపు నాకు చెప్పలేదే అనొద్దు అంది. వెనక గదిలోకి తీసుకుపోయి కిటికీ తెరిచింది.

నేను చూశాను. పచ్చగా ఉంది. ఒక సంపంగి చెట్టు, చుట్టూ కానుగ చెట్లు, వాటి వెనక కొండ. ఉంటే ఉండనీ తల్లీ, అందరం పోయేదే కదా, మాకు ఇల్లు నచ్చింది అన్నాను. రామాంజినప్ప నా వైపు చూశాడు. నేను కొండ వైపు చూశాను. ఆమె సంతోషపడి బాడుగ మనం మోయగలిగినంతకే ఒప్పుకుంది. ఇంత అందమైన ఇల్లు ఒక్క మాట తేడాకు మన కోసం ఖాళీగా ఎదురుచూసింది. ఇది దేవుడు చేసిన పని కాకపోతే మరేమిటి చెప్పు!

పోయిన గురువారం కాక అంతకు ముందు గురువారం పాలు పొంగించాం. ఎవరినీ పిలవలేదు. పాలు తూర్పు వైపుకే పొంగాయి. మీ అమ్మ పొయ్యి ముందర చేతులు జోడించుకొని చాలాసేపు నిలబడింది. ఏమి మొక్కుకున్నావు నర్సమ్మా అంటే, పాలు నేల పాలు గాకుండా చూడు సామీ అన్నా అంది. ఆ మాటకు నేను బయటికి వచ్చేశాను. నీ రొమ్ముకు పాలు వచ్చి, బిడ్డ లేక, జ్వరంతో నువ్వు గోడ వైపు తిరిగి పడుకున్న ఆ రోజులు ఆమెకు ఏ పాలు చూసినా గుర్తొస్తాయి. పాలు కాచేటప్పుడు ఆమె నాతో మాట్లాడదు.

చూడు, సంతోషం రాద్దామని కూర్చొని ఏదో రాసేశాను. క్షమించు తల్లీ. మళ్ళీ ఇంటి దగ్గరికి వస్తాను. ముందు హాలు. నాలుగు అడుగులు వేస్తే అయిపోతుంది గానీ వెలుతురు చూడాలి! పొద్దున ఎండ నేరుగా వచ్చి దేవుడి పటాల మీద పడుతుంది. మీ అమ్మ వంటింటి కిటికీలో గింజలు వేస్తే పిచ్చుకలు వస్తాయి. ఒక మగ నెమలి ఎదురు మిద్దె మీదికి వచ్చి పింఛం ఈడ్చుకుంటూ తిరుగుతుంది. మీ అమ్మ దాన్ని పెండ్లికొడుకు అని పిలుస్తుంది. ఏమి పెండ్లికొడకా, ఈ రోజు లేటయిందే అంటుంది. అది ఆమె మాట విని మెడ తిప్పుతుంది, నిజం! కింద ఇంట్లో జరీనా అని ఒకామె ఉంది. టైలరింగ్ చేస్తుంది. మేము దిగిన రోజే టీ చేసి ఫ్లాస్కులో పంపింది. నీ మిషనూ నా దబ్బనమూ చుట్టాలే తల్లీ అన్నాను.

వెనక గది నీది. దాంట్లో ఎవరూ పడుకోవడంలేదు. నీ కోసం పరుపు కుట్టాను. స్పాంజి కాదు, అసలైన బూరుగ దూది. గింజ ఒక్కటి కూడా లేకుండా నేనే ఏరి, నేనే ఏకాను. నీలం చారల గుడ్డ నువ్వు చిన్నప్పుడు ఇష్టపడేదానివని అదే తెచ్చాను. వెన్ను నొప్పి ఉన్నవాళ్ళకు ఇది మంచిది. మంచం కిటికీ పక్కన వేశాను.

ఇక అసలు మాట. నువ్వు రా. కొన్నాళ్ళు ఉండి పో. తొక్కనన్నాను కదా అంటావేమో, నువ్వు తొక్కనన్నది కాటన్‌పేట గడప, ఇది వేరే గడప. ఇందులో నీ మాట తప్పినట్టు కాదు. మీ అత్తగారు అడిగితే అమ్మకు ఆయాసం ఎక్కువైందని చెప్పు. పైన తగ్గిందని రాశాను, అది నీకు. ఆమెకు ఎక్కువైందనే చెప్పు. అల్లుడు వద్దనడు. నేనే హొసకోటెకు బస్సులో వస్తాను. దారిలో నువ్వు నాతో మాట్లాడకపోయినా పరవాలేదు. కిటికీ పక్క సీటులో నువ్వు కూర్చో, ఇవతల నేను కూర్చుంటాను.

ఎప్పుడు బయల్దేరాలో ఒక్క మాట చెబితే చాలు, చెప్పులు తొడుక్కొని సిద్ధంగా ఉన్న,

నీ నాయన,
ఓబులేసు

తా.క. :

ఉత్తరం మడిచి కవరులో పెట్టాను. పెట్టి మళ్ళీ తీశాను. మీ అమ్మ కింద జరీనా దగ్గరికి పోయింది, అందుకని రాస్తున్నాను.

ఇంత సంగతి ఫోనులో అల్లుడితో చెప్పి పంపొచ్చు కదా, ఉత్తరం ఎందుకు అనుకొని ఉంటావు. ఆ రోజు ఆసుపత్రి వరండాలో మీ అత్తగారు నా చెయ్యి పట్టుకొని ఒట్టు వేయించుకున్నారు. చోటు తెలిస్తే తల్లి ప్రాణం అక్కడనే తిరుగుతాది, మళ్ళా కడుపు నిలబడదు, మా వంశంలో ఎవరూ చెప్పలేదు అన్నారు. ఆమెను తప్పుగా అనుకోవద్దు, ఆమె కూడా ఏడుస్తూనే అడిగింది. ఒట్టు నీ తల మీద వేయించుకుంది, అల్లుడి చేత కూడా. నా నోటితో నా బిడ్డకు చెప్పను అని వేశాను. అందుకే నువ్వు కారులో కూర్చొని అడిగినప్పుడు నేను నోరు తెరవలేదు తల్లీ. నీకేమైనా అవుతుందేమోనని భయం. ఆ భయంతోనే ఇన్ని నెలలు గడిపాను. మొన్న దారం ఎక్కిస్తుంటే తెలిసింది, నేను నోటితో చెప్పను అన్నాను గానీ చేత్తో రాయను అనలేదు. ఏడో తరగతివాడికి ఆ మాత్రం తెలివి రావడానికి ఇంత కాలం పట్టింది.

నీ గది కిటికీలోంచి కనబడేది ఆ చోటే అంబికా. రామాంజినప్ప ఊరి కాడు. ఆ రోజు ఆయనే ముందు నడిచాడు, అల్లుడు పార పట్టుకున్నాడు, బిడ్డను నేను ఎత్తుకున్నాను. ఇంకెవరి చేతికీ ఇవ్వలేదు. సంపంగి చెట్టుకు ఇవతల, ఎండ ముందుగా పడే పక్క. ఉయ్యాలకని నేను కుట్టిన చిన్న పరుపు ఏమైందని నువ్వు మీ అమ్మను అడిగావట, ఆమెకు తెలియదు. దాని మీదనే పడుకోబెట్టాను. నేల చల్లగా ఉండింది.

నేను వ్యూ కోసం ఇల్లు వెతకలేదు. డాక్టరమ్మ చెప్పిన గాలి కోసం కూడా కాదు. వాన పడిన ప్రతిసారీ కాటన్‌పేటలో లేచి కూర్చొనేవాణ్ణి, అక్కడ నీళ్ళు నిలుస్తున్నాయేమో అని. కిరణ్ చేత ఆ వైపు ఇళ్ళన్నీ తిప్పించాను. ఏ కిటికీలోంచీ అది కనబడలేదు. బాడుగ ఎక్కువని మీ అమ్మకు చెప్పాను.

మీ అమ్మకు నేను ఏమీ చెప్పలేదు. కానీ మొన్న మేమిద్దరం ఆ కిటికీ దగ్గర నిలబడి ఉంటే, ఇద్దరు మొగవాళ్ళు పోతున్నారు. డప్పు లేదు, మంది లేరు. ఒకాయన చేతుల్లో తెల్లగుడ్డలో చిన్న మూట. మీ అమ్మ చాలాసేపు చూసింది. అంత చిన్నదానికి డప్పెందుకులే అంది. అని నా వైపు తిరిగింది. మర్నాటి నుంచి రాగులు చెరిగేదీ, కూరగాయలు తరిగేదీ ఆ కిటికీ దగ్గరే. నాకు తెలిసినంతవరకు ఆమె అక్కడ కూర్చొని ఏడవడంలేదు. పాట పాడుతుంది. నీకు పాడినదే.

నువ్వు వస్తే నేను ఏమీ చూపించను, ఏమీ చెప్పను. కిటికీ తెరిచి పెడతాను, అంతే. వద్దనిపిస్తే మూసుకో. నడిచి పోవాలనిపిస్తే నేను తోడు వస్తాను.

నేను రోజూ పొద్దున పోతున్నాను తల్లీ. పోయి నిలబడతాను గానీ పిలవడానికి పేరు లేదు. పాపా అంటాను. అక్కడ అలాంటి పాపలు చాలామంది ఉన్నారు, ఎవరిని పిలుస్తున్నానో దానికి ఎలా తెలుస్తుంది? నువ్వు కడుపుతో ఉన్నప్పుడు ఏదో ఒక పేరు అనుకొనే ఉంటావు. పేరు పెట్టే రోజు దాకా పైకి అనకూడదని దాచుకొని ఉంటావు. నా మీద కోపం తగ్గి వస్తే మంచిదే. రాలేకపోతే, ఒక కార్డు మీద ఆ పేరు ఒక్కటి రాసి పంపు. ఇంకేమీ రాయవద్దు. నేను పోయి దానికి చెప్పి వస్తాను.